స్కాటిష్ సజీవ చరిత్ర బృందంతో ఉత్సవంలో పాల్గొనడం: 1745 శిబిరానికి కొత్తగా వచ్చేవారికి మార్గదర్శి

స్కాట్లాండ్‌లో వేసవి వచ్చిందంటే కోటల ముంగిళ్ళలోనూ ఊరి మైదానాలలోనూ జరిగే ఉత్సవాలలో ఒక మూల తెల్లని గుడ్డ డేరాలు, కట్టెల పొగ, ముతక ఉన్ని చుట్టుకున్న మనుషులు కనిపిస్తారు. వారిలో ఎక్కువమంది వారమంతా వేరే ఉద్యోగాలు చేసుకుని, శని ఆదివారాలు ఈ పనికి ఇచ్చేవారు. ఒక కాలపు మనుషులు ఏం తొడిగారో, ఏం వండుకున్నారో, ఏ పనిముట్టును ఎలా పట్టుకున్నారో తమ చేతులతో చేసి చూపడమే సజీవ చరిత్ర. యుద్ధ ప్రదర్శన అందులో ఒక భాగం మాత్రమే, అదీ రోజుకు అరగంటకు మించనిది. మిగిలిన సమయమంతా పొయ్యి, కుట్టు, నీళ్ళు మోయడం, వచ్చినవారితో మాట్లాడడం. చేరదలచినవారు ఈ సంగతిని మొదటే గ్రహించాలి. కత్తి పట్టుకోవాలన్న కోరికతో మాత్రమే వచ్చినవారు రెండు ఉత్సవాలకే విసిగిపోవడం నేను చాలాసార్లు చూశాను.

స్కాటిష్ బృందాలు అనేక కాలాలను చూపిస్తాయి. 1314 నాటి బానక్‌బర్న్ యుద్ధ కాలం, 16వ శతాబ్దంలో స్కాట్లాండ్ రాణి మేరీ ఆస్థానం, 1745 నాటి జాకొబైట్ తిరుగుబాటు వాటిలో ముఖ్యమైనవి. నాకు బాగా తెలిసినది మూడవది కనుక ఈ మార్గదర్శి దాన్నే పట్టుకుని నడుస్తుంది. జాకొబైట్లు అంటే పదవి కోల్పోయిన స్టూఅర్ట్ రాజవంశం పక్షం వహించినవారు. ఆ వంశాన్ని తిరిగి బ్రిటన్ సింహాసనం ఎక్కించాలని చార్లెస్ ఎడ్వర్డ్ స్టూఅర్ట్ 1745 ఆగస్టు 19న గ్లెన్‌ఫినన్‌లో జెండా ఎత్తాడు. సెప్టెంబరు 21న ప్రెస్టన్‌పాన్స్ దగ్గర అతని సేన ప్రభుత్వ సేనను కొద్ది నిమిషాలలోనే చెదరగొట్టింది. డిసెంబరులో ఇంగ్లాండ్‌లోని డెర్బీ దాకా వెళ్ళి వెనుదిరిగిన ఆ సేన 1746 ఏప్రిల్ 16న కలోడెన్‌లో పూర్తిగా ఓడిపోయింది. శిబిరంలో అడుగుపెట్టే ముందు ఈ నాలుగు ఘట్టాల క్రమమైనా కంఠతా రావాలి.

బృందాన్ని ఎంచుకోవడం

ముందుగా ఒక ఉత్సవానికి ప్రేక్షకులుగా వెళ్ళండి. యుద్ధ ప్రదర్శన ముగిసి జనం చెదిరిపోయిన తర్వాత కూడా అక్కడే నిలబడి చూడండి. శిబిరంలోని మనుషులు అప్పుడు ఏం చేస్తున్నారన్నదే బృందం స్వభావాన్ని తెలుపుతుంది. ఎవరో గిన్నె తోముతూ చుట్టూ చేరిన పిల్లలకు ఆ గిన్నె గురించి చెబుతూ ఉంటే అది మంచి గుర్తు. అందరూ డేరాల వెనక ఫోన్లు చూసుకుంటూ కూర్చుంటే వేరే బృందాన్ని వెతకండి.

నచ్చిన బృందం కనిపిస్తే వారి పని మధ్యలో అడ్డుపడకుండా, సాయంత్రం వేళ కొత్త సభ్యుల బాధ్యత చూసేవారిని కలవండి. వార్షిక రుసుము ఎంత, ప్రేక్షకులకు హాని జరిగితే వర్తించే బీమా సభ్యులందరికీ ఉందా, మొదటి సంవత్సరం అరువుగా ఇచ్చే దుస్తులు ఉన్నాయా, దుస్తుల ప్రమాణాలు రాతలో ఉన్నాయా అని అడగండి. ఈ చివరి ప్రశ్న చాలా ముఖ్యం. ఏ బట్ట చెల్లుతుందో, ఏది చెల్లదో, ఎందుకో రాసిపెట్టుకున్న బృందం తన పని మీద గౌరవం ఉన్న బృందం. ఆ పత్రం చేతికి రాకముందు ఒక్క పైసా కూడా దుస్తుల మీద ఖర్చు చేయకండి. ఉత్సవాల దుకాణాలలో దొరికే చవక కిల్టులు, అంటే మగవారు నడుముకు కట్టే కుచ్చిళ్ళ బట్టలు, కృత్రిమ నూలుతో నేసిన టార్టన్ గళ్ళ బట్టలు దాదాపు ఏ మంచి శిబిరంలోనూ పనికిరావు.

మన ముఖాలు ఆ శిబిరంలో కలుస్తాయా అన్న సందేహం తెలుగువారికి రావడం సహజం. దాన్ని మనసులో పెట్టుకోకుండా బృందాన్ని నేరుగా అడగడమే మంచిది. చాలా బృందాలు పనినీ దుస్తులనూ చూస్తాయే తప్ప పుట్టుకను చూడవు. పుట్టుకను చూసే బృందంలో మనకు పని లేదు.

ఒక మనిషిని, ఒక పనిని ఎంచుకోవడం

కొత్తవారు సాధారణంగా ముందు దుస్తులు కొని, తరువాత తాము ఎవరో ఆలోచిస్తారు. క్రమం దీనికి తలకిందులుగా ఉండాలి. మీరు చూపబోయే మనిషి ఎక్కడివాడు, ఏ పని చేసి బతికేవాడు, ఈ సేనలోకి ఎందుకు వచ్చాడు అన్న మూడు ప్రశ్నలకు జవాబు దొరికితే ఏ బట్ట కావాలో దానంతట అదే తేలుతుంది. భూస్వామి పిలిస్తే రాక తప్పని కౌలురైతుకు పట్టు నడుముకోటు ఉండదు. అబర్డీన్ ప్రాంతపు పల్లపు నేలల నుంచి వచ్చినవాడు కిల్టు కాక నిక్కరు లాంటి బ్రీచెస్ తొడిగి ఉండవచ్చు. జాకొబైట్ సేన అంటే గేలిక్ భాష మాట్లాడే పర్వత ప్రాంతపు జనం మాత్రమే అన్న అపోహను తొలగించడానికి అలాంటి పాత్ర ఎంతో ఉపయోగపడుతుంది.

మొదటి వేసవికి నా సలహా ఒక్కటే: చేతిలో ఉండే ఒక పనిని నేర్చుకోండి. రాట్నం లేకుండా కదురుతో ఉన్ని వడకడం, తోలు కుట్టడం, ఓట్ల రొట్టె కాల్చడం, ఇలా ఏదైనా సరే. ఊరికే నిలబడిన మనిషిని జనం ఫొటో తీసుకుని వెళ్ళిపోతారు, పని చేస్తున్న మనిషి దగ్గర మాత్రం ఆగి ప్రశ్న అడుగుతారు. ఆ ప్రశ్న కోసమే మనం అక్కడ ఉన్నాం.

సామూహికంగా చేసే పనులలో నాకు అన్నిటికంటే ప్రియమైనది ఉన్ని బట్టను బాది దట్టం చేయడం. మగ్గం దిగిన బట్టను తడిపి, బల్ల చుట్టూ కూర్చున్న ఆడవారు లయగా బాదుతూ పక్కవారికి జరుపుతూ పోతే అది కుంచించుకుపోయి గాలి చొరనంత గట్టిపడుతుంది. ఆ రోజుల్లో నిలవ ఉంచిన మూత్రంతో తడిపేవారు, ఉత్సవాలలో సబ్బునీళ్ళు వాడతాం. ఒకరు చరణం అందుకుంటే మిగిలినవారు పల్లవి పాడతారు, పాట నడకను బట్టి చేయి నడుస్తుంది. మన రోకటి పాటలు, నాట్ల పాటలు విన్న చెవికి ఆ పాటల నడక వెంటనే పట్టుబడుతుంది. బట్టను సూర్యుడు తిరిగే దిశలో, అంటే మనం గుడి చుట్టూ ప్రదక్షిణం చేసే దిశలోనే జరపాలన్నది అక్కడి ఆచారం. గేలిక్ రాకపోయినా పల్లవి నేర్చుకుని ఆ బల్ల దగ్గర కూర్చోవచ్చు, ఎందుకంటే పల్లవులలో అర్థం లేని అక్షరాలే ఎక్కువగా ఉంటాయి.

దుస్తులు

శరీరానికి తగిలే వస్త్రం లినెన్, పైన ఉండేది ఉన్ని అన్నది మొదటి సూత్రం. మగవారికి మోకాళ్ళ దాకా వచ్చే వదులైన లినెన్ చొక్కా, ఉన్ని నడుముకోటు, పొట్టి జాకెట్టు, బట్టతో కత్తిరించి కుట్టిన మేజోళ్ళు, వాటిని మోకాలి కింద కట్టే పట్టీలు, పాదాన్ని మూసే తోలు చెప్పులు, నీలిరంగు ఉన్ని టోపీ కావాలి. ఆ టోపీ మీద తెల్ల రిబ్బను పువ్వు పెడితే అది జాకొబైట్ గుర్తు. ఆడవారికి లినెన్ లోదుస్తు, నడుము పైభాగాన్ని నిలిపి ఉంచే స్టేస్, రెండు లంగాలు, పొట్టి గౌను, భుజాల చుట్టూ లినెన్ రుమాలు కావాలి. వివాహిత అయితే తలకు తెల్లని లినెన్ గుడ్డ కట్టాలి. పైకి కనిపించే కుట్లు మిషను కుట్లు కాకూడదు. లోపలి కుట్ల విషయంలో బృందాల నియమాలు వేరువేరుగా ఉంటాయి.

పర్వత ప్రాంతపు మగవాడిని చూపేవారికి ముఖ్యమైనది ఫేలె మోర్, అంటే పెద్ద ప్లెయిడ్. కుట్టిన కిల్టు కాదిది, మన పంచె లాగే కుట్టు లేని వస్త్రం. ఆ కాలపు మగ్గాలు వెడల్పు తక్కువవి కనుక సుమారు 27 అంగుళాల పన్నా ఉన్న రెండు బట్టలను పొడవునా జోడించి, నాలుగు నుంచి ఐదు గజాల పొడవు, 54 అంగుళాల వెడల్పు ఉన్న వస్త్రంగా చేసేవారు. పంచెకట్టు, చీరకట్టు తెలిసిన మనవారికి దీన్ని కట్టుకోవడం త్వరగా వస్తుంది, ఎందుకంటే ఇదంతా కుచ్చిళ్ళ విద్యే.

మొదట పొడి నేల మీద తోలు బెల్టును అడ్డంగా పరచి, దాని మీదుగా వస్త్రాన్ని పొడవునా పరవండి. రెండు కొసలలోనూ మీ పొట్టను కప్పేంత వెడల్పును మడతలు లేకుండా వదిలి, మధ్య భాగమంతా కుచ్చిళ్ళు పెడుతూ రండి. కుచ్చిళ్ళ వెడల్పు మీ వీపు, నడుము భాగానికి సరిపోయాక ఆపండి. తరువాత కింది అంచు మోకాలి పైభాగానికి వచ్చేలా చూసుకుని దాని మీద వెల్లకిలా పడుకోండి. కుడివైపు కొసను ముందు పొట్ట మీదికి, దాని మీదుగా ఎడమవైపు కొసను తెచ్చి బెల్టు బిగించండి. లేచి నిలబడితే నడుము పైనున్న బట్ట అంతా వెనక్కి వేలాడుతుంది. జాకెట్టు తొడిగాక దాన్ని పైకెత్తి ఎడమ భుజం దగ్గర ఉత్తరీయంలా పిన్నుతో నిలపండి. కుడి చేయి స్వేచ్ఛగా ఉండాలి. వాన వస్తే అదే బట్ట తల మీద ముసుగు, రాత్రి పడితే దుప్పటి. ఇంట్లో పదిసార్లైనా అభ్యాసం చేయకుండా ఉత్సవానికి వెళ్ళవద్దు, అక్కడ పొద్దున్నే తడి గడ్డి మీద ఓపిక ఉండదు.

టార్టన్ విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. ఒక్కో వంశానికి ఒక్కో గళ్ళ నమూనా అన్న ఏర్పాటు 1745లో స్థిరపడి లేదు. అది ప్రధానంగా 19వ శతాబ్దపు అలవాటు, 1822లో నాల్గవ జార్జ్ రాజు ఎడిన్‌బరా వచ్చిన తరువాత బాగా ఊపందుకుంది. నా మొదటి వేసవిలో ఒక వృద్ధురాలికి ఒక ప్లెయిడ్‌ను చూపించి అది ఫలానా వంశపు టార్టన్ అని నమ్మకంగా చెప్పాను. ఆమె నా చేయి పట్టుకుని, అప్పట్లో నేతగాడి దగ్గర ఏ రంగు దొరికితే అదే కట్టుకునేవారని ఓర్పుగా దిద్దింది. ఆ రోజు నుంచి తెలియనిదాన్ని తెలిసినట్టు చెప్పడం మానేశాను.

తెలుగువారికి ప్రత్యేకంగా ఎదురయ్యే చిన్న విషయాలు కొన్ని ఉన్నాయి. నల్లపూసలు, గొలుసులు లినెన్ దుస్తు లోపలికి దోపుకుంటే కనిపించవు, మెట్టెలు ఎలాగూ చెప్పుల లోపలే ఉంటాయి. గాజులు, గోళ్ళ రంగు, చేతి గడియారం తీసివేయాలి. బొట్టు ఎవరి ఇష్టం వారిది, బృందంతో ముందుగా మాట్లాడుకోండి. కళ్ళజోడు తప్పనిసరి అయితే ఆ కాలపు గుండ్రటి చట్రంలో మీ అద్దాలు వేయించుకోవచ్చు.

మరొక సంగతి. మన కలంకారీ ముక్కను మెడ చుట్టూ కట్టుకోవాలని నాకు చాలా ఆశగా ఉండేది. మచిలీపట్నం తీరం నుంచి ఆ శతాబ్దంలో అద్దకపు నూలు బట్టలు యూరప్‌కు వెళ్ళిన మాట నిజం. కానీ 1721లో చేసిన చట్టం బ్రిటన్‌లో అద్దకపు నూలు బట్టల వాడకాన్ని నిషేధించింది, ఆ నిషేధం 1774 దాకా కొనసాగింది. చట్టాన్ని దాటి తొడిగినవారు ఉన్నారు గాని, 1745లో ఒక పేద రైతు భార్య మెడలో అది పొసగదు. కనుక నా కలంకారీ పెట్టెలోనే ఉంటుంది. ఎవరైనా అడిగినప్పుడు బయటికి తీసి, అది ఆ శిబిరంలో ఎందుకు ఉండకూడదో చెబుతాను. ఆ కథ వినడానికి ఆగేవారు చాలామంది.

ఆయుధాలు, చట్టం

మొదటి సంవత్సరం ఆయుధం లేకుండా గడపండి. దాహం వేసినవారికి నీళ్ళు అందించే మనిషిగా యుద్ధ ప్రదర్శనలో నడిస్తే ఆజ్ఞలు, దూరాలు, ప్రమాదాలు అర్థమవుతాయి. ఆ తరువాత కత్తి, డాలు అభ్యాసం చేయండి. చెకుముకి రాతితో పేలే తుపాకీని అన్నిటికంటే చివర నేర్చుకోండి. ప్రదర్శనలో గుండు ఉండకపోయినా తుపాకీ మందు నిజమైనదే. స్కాట్లాండ్‌లో గొట్టం ముందు నుంచి మందు దట్టించే నున్నటి గొట్టపు తుపాకీని ఉంచుకోవడానికి పోలీసులు ఇచ్చే షాట్‌గన్ సర్టిఫికెట్, తుపాకీ మందును కొని దాచడానికి వేరే సర్టిఫికెట్ కావాలి. ఇవి లేకుండా మరొకరి తుపాకీని ఇంటికి తీసుకెళ్ళడం కూడా నేరమే. కత్తులను ఉత్సవానికి తీసుకెళ్ళేటప్పుడు చుట్టి, కట్టి, నేరుగా వెళ్ళి నేరుగా రావాలి, దారిలో టీ దుకాణంలోకి పట్టుకుని వెళ్ళకూడదు.

ప్రదర్శనలో తుపాకీని ఎప్పుడూ మనుషుల తలల పైకి ఎత్తి పేలుస్తారు, ఎదుటివారి ముఖానికి గురి పెట్టరు. ఆపమన్న కేక ఎవరి నోట వినిపించినా అందరూ ఉన్నచోట ఆగిపోవాలి. ఆ కేక వేయడానికి కొత్తవారు సంకోచిస్తారు, సంకోచించకండి.

కలోడెన్ మైదానం మాత్రం వేరు. అక్కడి మట్టి కింద చనిపోయినవారి సామూహిక సమాధులు ఉన్నాయి, దాన్ని స్కాట్లాండ్ నేషనల్ ట్రస్ట్ సంరక్షిస్తోంది. అది యుద్ధం ఆడి చూపే చోటు కాదు. ఏప్రిల్‌లో జరిగే సంస్మరణకు వెళ్ళితే తల వంచి నిలబడి రండి.

శిబిరంలో ఒక రోజు

సాధారణంగా శుక్రవారం సాయంత్రానికి చేరుకుని డేరాలు వేసుకోవాలి. మీ వంతు సామానులో రెండు ఉన్ని దుప్పట్లు, చెక్క గిన్నె, కొమ్ము లేదా చెక్క చెంచా, మట్టి లేదా తగరపు గ్లాసు ఉంటే చాలు. ప్లాస్టిక్ డబ్బాలు, పడక సంచి, మందులు, ఫోను అన్నీ డేరా లోపల దుప్పటి కింద దాగి ఉండాలి. జనం వచ్చే వేళకు డేరా తలుపు తెరిచి ఉన్నా ఒక్క ఆధునిక వస్తువు కూడా కనిపించకూడదు. ప్రెస్టన్‌పాన్స్ యుద్ధానికి ముందు రాత్రి ఆ సేన పొలంలోనే ప్లెయిడ్‌లు చుట్టుకుని పడుకుంది. కనుక వరుస డేరాలు మన సౌకర్యమే తప్ప ఆ రాత్రి చిత్రం కాదని, అడిగినవారికి నిజాయితీగా చెప్పండి.

నిప్పు దగ్గర ఉన్ని మేలు చేస్తుంది, ఎందుకంటే అది భగ్గున అంటుకోదు. నూలు, లినెన్ అంటుకుంటాయి, లంగా అంచులు జాగ్రత్త. పొయ్యి పక్కన నిండు నీళ్ళ బకెట్టు ఎప్పుడూ ఉండాలి, ఆ నీళ్ళతో గిన్నెలు కడగకూడదు. జూన్ నుంచి ఆగస్టు దాకా పశ్చిమాన మిడ్జ్ అనే సన్నటి కుట్టే ఈగలు సాయంత్రాలు ముసురుకుంటాయి, పొగవైపు కూర్చోవడమే వాటికి పాత మందు.

వంట విషయంలో తెలుగువారికి ఒక అనుకూలత ఉంది. ఓట్ల రొట్టె చేయడం జొన్నరొట్టె చేసినట్టే ఉంటుంది. రెండు గుప్పిళ్ళ సన్న ఓట్ల పిండిలో చిటికెడు ఉప్పు, చెంచా వెన్న కలిపి, కాగిన నీళ్ళు కొద్దికొద్దిగా పోస్తూ ముద్ద చేయాలి. చల్లారితే విరిగిపోతుంది కనుక వేడిగా ఉండగానే పిండి చల్లిన పలక మీద పలుచగా ఒత్తి, నాలుగు ముక్కలుగా కోసి, నిప్పు మీద వేలాడే ఇనుప పెనం మీద అంచులు పైకి వంగేవరకు కాల్చి, ఆ తరువాత పొయ్యి పక్కన నిలబెట్టి ఆరనివ్వాలి. శాకాహారులకు బార్లీ గంజి, కేల్ ఆకుకూర, జున్ను, ఈ రొట్టె సరిపోతాయి. టమాటాలు, మిరపకాయలు జనం కళ్ళెదుట వండవద్దు. ప్రేక్షకులకు రుచి చూపించాలంటే ఉత్సవ నిర్వాహకుల ఆహార నియమాలు అడిగి తెలుసుకోండి.

జనంతో మాట్లాడడం

ఇందులో రెండు పద్ధతులు ఉన్నాయి. ఒకటి, 1745 నాటి మనిషిగానే మాట్లాడడం. రెండు, ఆ దుస్తులలో ఉండి ఈనాటి మనిషిగా వివరించడం. మొదటిదానికి సంవత్సరాల చదువు కావాలి, తడబడితే వినేవారికి తప్పు అర్థం వెళుతుంది. కొత్తవారికి రెండవదే తగినది. గేలిక్‌లో స్వాగతం చెప్పే ‘ఫాల్చె’, కృతజ్ఞత తెలిపే ‘తపా లీవ్’ అన్న రెండు మాటలు నేర్చుకుంటే ఆ భాష ఉన్నదన్న స్పృహ వినేవారిలో కలుగుతుంది.

ఎక్కువగా ఎదురయ్యే అపోహ, ఇది స్కాట్లాండ్‌కూ ఇంగ్లాండ్‌కూ జరిగిన యుద్ధమన్నది. ప్రభుత్వ సేనలో స్కాటిష్ దళాలు ఉన్నాయి, జాకొబైట్ సేనలో ఇంగ్లాండ్‌లోని మాంచెస్టర్ దళం, ఫ్రెంచ్ సేవలోని ఐరిష్ సైనికులు ఉన్నారు, ఒకే కుటుంబంలో అన్నదమ్ములు ఎదురెదురుగా నిలిచిన ఉదాహరణలూ ఉన్నాయి. దీన్ని తీర్పులా కాక, మన శిబిరంలో కూర్చున్న ఒక్కొక్క మనిషినీ చూపిస్తూ చెబితే బాగా నాటుకుంటుంది. ఓటమి తరువాత ఏమైందని అడిగితే, సైన్యంలో లేని మగవారు పర్వత ప్రాంతపు దుస్తులు తొడగకూడదని 1746లో చట్టం చేశారని, అది 1782 దాకా రద్దు కాలేదని చెప్పండి. ప్లెయిడ్ కట్టుకుని ఆ మాట చెబుతున్నప్పుడు నాకు గొంతు పూడుకుపోయిన సందర్భాలు ఉన్నాయి.

మీరెక్కడివారు, మీకూ దీనికీ ఏమిటి సంబంధం అని కూడా తప్పకుండా అడుగుతారు. చాలావరకు ఆసక్తితోనే అడుగుతారు. నేను 1754లో స్కాట్లాండ్‌కు చెందిన లూయిస్ దీవిలోని స్టోర్నోవేలో పుట్టిన కాలిన్ మెకంజీ పేరు చెబుతాను. కావలి బొర్రయ్య, లక్ష్మయ్య సోదరుల సాయం లేకుండా ఆయన మన ఊళ్ళ చరిత్రలైన కైఫీయతులను సేకరించగలిగేవాడు కాదు. 1761లో గ్లాస్గోలో పుట్టి, 1827లో పత్తికొండలో కలరాతో మరణించిన థామస్ మన్రోను రాయలసీమ నేటికీ తలచుకుంటుందని చెబుతాను. వారు కలోడెన్ తరువాతి తరాలవారు. ఇది విన్నాక వచ్చేవారి ప్రశ్నలు మారతాయి, మాట ఎక్కువసేపు సాగుతుంది.

తెలియని ప్రశ్న వస్తే తెలియదనండి, తెలిసిన సభ్యుని దగ్గరికి తీసుకెళ్ళండి. పిల్లలకు టోపీ, ఉన్ని, కదురు చేతికివ్వండి, పదునైనదేదీ ఇవ్వకండి.

ఇంటికి చేరాక

ఆదివారం సాయంత్రం అలసటతో తడి సామాను మూటకట్టి మూలన పడేయాలనిపిస్తుంది. రెండు రోజులలో డేరా గుడ్డకు బూజు పడుతుంది, కత్తికి తుప్పు పడుతుంది. ఆ రాత్రే కత్తిని తుడిచి నూనె రాయండి. డేరాను మరునాడు పూర్తిగా పరచి ఆరబెట్టండి. లినెన్ ఉతకవచ్చు గాని ప్లెయిడ్‌ను వేడినీళ్ళలో వేస్తే కుంచించుకుపోతుంది, గాలికి వేలాడదీసి మట్టి ఎండాక బ్రష్‌తో దులపండి. చెప్పులను పొయ్యి దగ్గర కాక నీడలో ఆరనిచ్చి కొవ్వు పట్టించండి. తరువాత ఒక నోటుపుస్తకంలో, ఆ రెండు రోజులలో మీరు జవాబు చెప్పలేకపోయిన ప్రశ్నలన్నీ రాసుకోండి. వచ్చే ఉత్సవం లోపు వాటిలో మూడింటికైనా జవాబు వెతకండి.